అంచునుంచి కనిపించే గెలాక్సీలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో వచ్చే గెలాక్సీల ఫొటోలు దాదాపు అన్నీ పైనుంచి చూసినట్టు ఉండేవే. ఆ చుట్టుచేతులు అందమైనవే, కాదనను. కానీ అంచునుంచి కనిపించే సర్పిల గెలాక్సీలు చెప్పే సంగతులు వాటిలో దొరకవు.

సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 891 అనే గెలాక్సీని చూడండి. అంత విశాలమైన చక్రం ఎంత పలుచనిదో ఒక్క చూపులో అర్థమవుతుంది. దాని నడుమ సాగే నల్లటి పట్టీ ఖాళీ స్థలం కాదు, వెనకనున్న నక్షత్రాల కాంతిని అడ్డుకునే ధూళి. ఆకాశంలో పాలపుంత పట్టీ వెంబడి సర్పిల నీహారికలు (సర్పిల గెలాక్సీలను అప్పట్లో అలా పిలిచేవారు) ఎందుకు కనిపించవనే చిక్కుప్రశ్నకు ఖగోళ శాస్త్రవేత్త హీబర్ కర్టిస్ ఇలాంటి నల్లటి పట్టీల్లోనే జవాబు చూశారు. మన పాలపుంతలోనూ ధూళి అడ్డుపడుతోందని, ఆ నీహారికలు పాలపుంతకు ఆవలి గెలాక్సీలని, విశ్వం పరిమాణంపై 1920లో జరిగిన చర్చలో వాదించారు. కొన్నేళ్లకే మరో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ చేసిన దూరాల కొలతలు ఆయన పక్షాన నిలిచాయి. ఒక నల్లటి గీత విశ్వం పరిమాణాన్నే తేల్చే వాదనలో సాక్ష్యంగా నిలవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అంచునుంచి కనిపించే కొన్ని గెలాక్సీల నడిబొడ్డు వేరుశనగకాయ ఆకారంలో ఉబ్బి, లోపల నక్షత్రాలు కడ్డీలా బారుగా చేరిన దండాన్ని పట్టిస్తుంది. ఈఎస్‌వో 510-జీ13 అనే గెలాక్సీలో చక్రమే వంకర తిరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే ఈ ఉబ్బు, ఈ వంకర తెలియడం చాలా కష్టం.

మీ విజ్ఞాన పేజీలో వీటి ఫొటోలు కూడా, ధూళి పట్టీ ఏమిటో చెప్పే రెండు వాక్యాలతో సహా, ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు