అది డూప్లికేట్ స్పైడర్‌మ్యాన్ కాదండి, కానీ తప్పు మాత్రం మాదే

అందరికీ నమస్తే అండి. మన షాపులో కామిక్స్, బొమ్మలు కొనేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలి, రెండు వారాల నుంచి చెబుదామనుకుంటూ ఆగిపోతున్నా, ఇవాళ షట్టర్ దించేసి కూర్చుని రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక శనివారం సాయంత్రం ఒకాయన బాబుని వెంటబెట్టుకుని వచ్చారు. ముందురోజు బాబు బర్త్‌డేకి మా దగ్గరే స్పైడర్‌మ్యాన్ బొమ్మ కొన్నారు, నల్ల డ్రెస్సు మీద ఎర్ర గీతలు ఉంటాయి చూడండి, అది. పిల్లాడు డబ్బా తెరిచి ఇది స్పైడర్‌మ్యాన్ కాదని ఒకటే ఏడుపంట, ఇంటికొచ్చిన చుట్టాలేమో నీకెవరో డూప్లికేట్ మాల్ అంటగట్టారు అన్నారంట. ఆయన బొమ్మని కౌంటర్ మీద పెట్టి "ఇంత డబ్బు తీసుకుని డూప్లికేట్ ఇస్తారా" అని అడిగారు. నేను ఒరిజినలే సార్, ఇతను మైల్స్ మొరాలెస్, ఇంకో స్పైడర్‌మ్యాన్ అని మొదలుపెట్టా, ఆయన ఇంకో స్పైడర్‌మ్యాన్ ఏంటి అన్నారు, నేను మల్టీవర్స్ అని (ఒకే హీరోకి వేరువేరు ప్రపంచాల్లో వేరువేరు కథలు అన్నమాట), అల్టిమేట్ అని (అలాంటి ఒక వేరే ప్రపంచం కథల వరస), అందులో పీటర్ చనిపోయాడని చెప్పుకుంటూ పోయా, ఆయన సగంలోనే బొమ్మ అక్కడే వదిలేసి బాబు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. డబ్బులు కూడా అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఎందుకంటే ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. స్పైడర్‌మ్యాన్ అంటే 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసిన పీటర్ పార్కర్, ఎరుపు నీలం డ్రెస్సు, జనానికి తెలిసింది అంతే. మైల్స్ వచ్చింది 2011లో, 2018లో యానిమేషన్ సినిమా వచ్చాక గానీ బయటివాళ్లకి పెద్దగా తెలియలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసులే అనుకున్నా, డబ్బా ఇచ్చేటప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఇలాంటివి ఇదొక్కటే కాదు. 2024లో కొత్తగా మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌లో (పీటర్ చనిపోయిన ఆ పాత అల్టిమేట్ కాదు) పీటర్‌కి గడ్డం ఉంటుంది, పెళ్లయి ఇద్దరు పిల్లలుంటారు, చాలా మంచి పుస్తకం, కానీ సినిమాలో కాలేజీ కుర్రాడిని చూసొచ్చిన పిల్లలకి అది ఇస్తే వాళ్ల ముఖాలు చూడాలి. గ్రీన్ లాంటర్న్ అనే ఇంకో హీరోదీ అంతే, 2001లో మొదలైన జస్టిస్ లీగ్ కార్టూన్ చూస్తూ పెరిగినవాళ్లకి ఆయన నల్లజాతి మనిషి జాన్ స్టీవర్ట్, 2011 సినిమా చూసినవాళ్లకి తెల్లాయన హాల్ జోర్డాన్, ఇద్దరూ నిజమే, ఇంకా చాలామంది ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి కెప్టెన్ మార్వెల్ అండి. ఒక అక్క పాపకోసం సినిమాలో చూసిన లేడీ హీరో కెప్టెన్ మార్వెల్ పుస్తకం అడిగితే మా కుర్రాడు ఆ పేరున్న పుస్తకమే ఇచ్చాడు, ఇంటికెళ్లి తెరిస్తే లోపల మగాయన. అక్క ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. అసలు సంగతి ఏంటంటే మొట్టమొదటి కెప్టెన్ మార్వెల్ మార్వెల్ కంపెనీది కానే కాదు. 1940లో ఫాసెట్ అనే కంపెనీ తెచ్చింది, బిల్లీ అనే పిల్లాడు షజామ్ అనగానే పెద్ద హీరో అయిపోతాడు, ఒక టైమ్‌లో సూపర్‌మ్యాన్ కంటే ఎక్కువ అమ్ముడుపోయాడు. ఇది మా సూపర్‌మ్యాన్‌కి కాపీ అని ఇప్పటి డీసీ వాళ్లు కోర్టుకెళ్లారు, ఏళ్లు నడిచి నడిచి 1953లో ఫాసెట్ వాళ్లు రాజీపడి ఆ హీరోని ఆపేశారు. పేరు ఖాళీగా పడుంది కదా, 1967లో మార్వెల్ వాళ్లు ఆ పేరుతో వేరే గ్రహం నుంచి వచ్చిన ఒకాయన్ని తెచ్చారు, పాప ఇంటికి వెళ్లింది ఆయనే. తర్వాత 1972లో డీసీ వాళ్లు పాత హీరో హక్కులు తీసుకున్నారు గానీ పుస్తకం మీద ఆ పేరు వేసుకునే వీల్లేదు, అందుకని షజామ్ అని వేశారు. సినిమాలో మనం చూసిన కరోల్ డాన్వర్స్‌కి ఆ పేరు వచ్చింది 2012లో. 2019లో ఒక నెల తేడాతో కెప్టెన్ మార్వెల్ సినిమా, షజామ్ సినిమా రెండూ వచ్చాయి, చూసినవాళ్లలో ఎంతమందికి ఆ రెండో ఆయనే మొదటి కెప్టెన్ మార్వెల్ అని తెలుస్తుంది చెప్పండి? అక్కకి ఇదంతా చెబితే "బాబూ, ఇది పుస్తకం మీద రాయొచ్చు కదా" అంది.

ఒక మాస్టారు మన షాపుకి వస్తుంటారు, ఆయన మనకీ బోలెడు రామాయణాలు ఉన్నాయి కదయ్యా, ఎవరికీ కన్ఫ్యూజన్ లేదే అన్నారు. ఇంటికెళ్తూ ఆలోచించా. మొల్ల రామాయణం, రంగనాథ రామాయణం, ఏది ఏదో పేరులోనే తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ నంబర్ 1, అంటే మొదటి సంచిక అని 1963లో వచ్చింది, మళ్లీ 1999లో, 2014లో, 2015లో, 2018లో, 2022లో, 2025లో, అన్నిటి మీదా అదే పేరు, అదే 1. నంబర్ 1 అంటే కొత్తవాళ్లు కొంటారని కంపెనీల లెక్క. నేనూ అదే చేశానండి, దాచుకునేది ఏముంది, నంబర్ 1 కనబడితే ఎక్కువ తెప్పించి కౌంటర్ దగ్గరే పెట్టా, లోపల కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పకుండా అమ్మా.

ఇక నుంచి అలా ఉండదు. ప్రతి పుస్తకం మీద, ప్రతి బొమ్మ డబ్బా మీద పసుపు స్టిక్కర్ వేస్తున్నాం, తెలుగులోనే, మాస్క్ వెనక ఉన్నది ఎవరు, ఏ సినిమాలో చూశారు, సినిమాలో లేకపోతే లేదని, ముందు ఇంకేమైనా చదివి ఉండాలా అక్కర్లేదా అని. ర్యాకులు కూడా కంపెనీ ప్రకారం కాకుండా మనిషి ప్రకారం సర్దుతున్నాం, పీటర్ ఒకచోట, మైల్స్ ఒకచోట, 2004లో మొదటిసారి కామిక్స్‌లో వచ్చిన మన ఇండియన్ స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ ఒకచోట. పిల్లలకి గిఫ్ట్ కొనేవాళ్లని మావాళ్లు ఏ సినిమా చూశాడు బాబు అని అడుగుతారు, అమ్మడానికి గుచ్చిగుచ్చి అడుగుతున్నారని అనుకోకండి. తప్పు వెర్షన్ వెళ్తే పదిహేను రోజుల్లో మార్చి ఇస్తాం, డబ్బా తెరిచినా సరే.

కొందరు ఈ గొడవంతా ఎందుకు, తెలిసినవాళ్లవే పెట్టుకో అంటున్నారు. అది మాత్రం నేను చెయ్యను. 2023 స్పైడర్‌వర్స్ సినిమా తెలుగులో కూడా వచ్చింది కదా, అది చూసొచ్చి అన్నా పవిత్ర్ బుక్ ఉందా అని అడిగిన పిల్లలున్నారు, మైల్స్ తప్ప ఇంకెవరూ వద్దనే అమ్మాయి ఒకతి ప్రతి నెలా వస్తుంది. వాళ్లకి లేదని ఎలా చెప్పను?

స్టిక్కర్ల పని సగం అయింది, మిగతాది పూర్తిచెయ్యడానికి వచ్చే సోమవారం మధ్యాహ్నం రెండు వరకు షాపు మూసి ఉంటుంది. ఆ రోజు బొమ్మ వదిలేసి వెళ్లిన సార్ ఇది చదివితే, మీ బొమ్మ, దాంతోపాటు ఎరుపు నీలం డ్రెస్సులో పీటర్ పార్కర్ బొమ్మ, రెండూ బాబు కోసం కౌంటర్ కింద పక్కన పెట్టాను. బిల్లు అక్కర్లేదు, బాబుని తీసుకుని రండి చాలు.