అట్ట తాళం ఇచ్చారు, అసలు తాళం చూపించలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో వారం వారం కొత్త కార్ల గురించి వేస్తారు కదా, మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా లేదా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు అని. అవన్నీ చదివే మేమూ కారు కొన్నాం. కానీ చేతిలో ఉన్న తాళంలో బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో ఒక్క ముక్క కూడా ఎక్కడా చదివిన గుర్తు లేదు. మొన్న అన్నవరం కొండ మీద, పార్కింగ్‌లో పదిమంది చూస్తుండగా నేర్చుకోవాల్సి వచ్చింది.

వ్రతం అయిపోయి, ప్రసాదం పొట్లాలు పట్టుకుని కారు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. మాది బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు. తాళం హ్యాండ్‌బ్యాగులో ఉంటే చాలు, డోర్ హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే తెరుచుకుంటుంది. ఆ రోజు తెరుచుకోలేదు. తాళం బయటికి తీసి నొక్కాను, గట్టిగా నొక్కాను, చీర కొంగుతో తుడిచి నొక్కాను, ఊహూ. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పాపం ఆ గచ్చు మీదే చతికిలబడ్డారు. మా వారికి డ్రైవింగ్ రాదు, కాబట్టి ఆయన దగ్గర సలహాలు మాత్రమే ఉన్నాయి. తప్పు నాదీ ఉంది లెండి. అంతకు ముందు రెండు వారాల నుంచి రెండేసి సార్లు నొక్కితే గానీ తెరుచుకోవడం లేదు, దగ్గరికి వెళితే గానీ పలకడం లేదు, మీటర్ల దగ్గర ఇంగ్లీషులో ఏదో బ్యాటరీ అని కూడా వచ్చింది. అది కారు బ్యాటరీ అనుకుని, సర్వీసింగ్‌కి వెళ్ళినప్పుడు చూపిద్దాంలే అని వదిలేశాను.

కారు కొన్న షోరూమ్‌కి ఫోన్ చేస్తే, బండి టోయింగ్ చేసి తీసుకురావాలి మేడమ్, తాళం పోయినట్టుంది, కొత్తది ప్రోగ్రామింగ్ చేయాలంటే వేలల్లో అవుతుంది అన్నారు. తాళంలో సెల్ మార్చి చూడండి అని ఒక్కమాట అనలేదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇదంతా రాసి ఉంటుంది నిజమే. ఆ పుస్తకం ఎక్కడుంది? తాళం పడిన కారులో, డ్యాష్‌బోర్డు కింద అరలో.

పక్కనే ట్యాక్సీ కడుగుతున్న అబ్బాయి మా అవస్థ కాసేపు చూసి, "ఏదమ్మా, ఓసారి ఇలా ఇవ్వండి" అన్నాడు. తాళం పక్కనున్న చిన్న మీట జరిపి లాగితే లోపల్నుంచి సన్నటి ఇనుప తాళం వచ్చింది. మూడేళ్ళు బ్యాగులో మోసిన దాని కడుపులో ఇంకో తాళం ఉందని నాకు తెలియదు! సరే, అది ఎక్కడ పెట్టాలి? డోరుకి కన్నమే కనిపించదు. డ్రైవర్ వైపు హ్యాండిల్ పక్కన ఒక మూత ఉంది, చూస్తే హ్యాండిల్లో భాగంలాగే ఉంటుంది. హ్యాండిల్ లాగి పట్టుకుని, మూత కింది సందులోంచి తాళం కొనతో నొక్కితే అది ఊడివచ్చింది. వెనక కన్నం. తిప్పగానే డోరు తెరుచుకుంది, వెంటనే హారన్ మోగడం మొదలుపెట్టింది, దొంగల్లా అందరం బిక్కచచ్చిపోయాం. "ఏం కాదమ్మా, కూర్చుని క్లచ్ తొక్కండి, స్టార్ట్ బటన్‌ని వేలితో కాదు, ఈ రిమోట్‌తోనే నొక్కండి" అన్నాడు. నొక్కాను. కారు స్టార్టయింది, మోత ఆగింది.

బ్యాటరీ చచ్చిపోయిన తాళాన్ని కారు ఎలా గుర్తుపట్టిందో తర్వాత తెలుసుకున్నాను. తాళంలో సొంత బ్యాటరీ అవసరం లేని చిప్ ఒకటి ఉంటుందట. బటన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే దానికి కావలసిన కాస్త కరెంటు అందుతుంది, హైదరాబాదులో మెట్రో కార్డు గేటుకి తాకిస్తే పలికినట్టు. అందుకే బాగా దగ్గరగా ఆనించాలి. అన్ని కార్లలో బటన్ దగ్గరే ఉండదు, కొన్నింటిలో కప్పు పెట్టుకునే గుంటలోనో, మధ్యలో ఉన్న అరలోనో తాళం పెట్టే చోటు ఉంటుంది. ఆటోమేటిక్ అయితే క్లచ్ బదులు బ్రేకు.

రాజమండ్రిలో ఆగి ఒక వాచీల కొట్టుకి వెళ్ళాం. ఆయన తాళం సందులో చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే చిప్పలా రెండుగా విడిపోయింది. లోపల రూపాయి బిళ్ళలాంటి సెల్, మీద 2032 అని ఉంది. 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు అని ఆయనే చెప్పాడు. 2025 కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, రెండూ 3 వోల్టులే, కానీ అది పలచన, సరిగ్గా ఆనదు. పాతది ఏ వైపు పైకి ఉందో చూసుకుని, కొత్తది అంచులు పట్టుకుని అలాగే పెట్టి నొక్కేశాడు. 50 రూపాయలు. ప్రోగ్రామింగూ లేదు, పాడూ లేదు.

పాత సెల్‌కి రెండు వైపులా టేపు చుట్టి, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగి మరీ ఇచ్చాడు. ఇది మాత్రం దయచేసి కోత వేయకుండా అచ్చు వేయండి. ఈ సైజు బిళ్ళ పసిపిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది, పనికిరాదని తీసేసిన సెల్‌లో మిగిలిన కాస్త కరెంటే రెండు గంటల్లో లోపల కాల్చేస్తుంది. మింగారేమో అని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాలి. ఖాళీ సెల్ కదా అని టీవీ మీద పడేసే ఇల్లు మాది కూడా, మొన్నటి దాకా.

ఇక నా ఫిర్యాదు. కారు ఇచ్చిన రోజు షోరూమ్‌లో గుమ్మడికాయ కొట్టించారు, కేకు కోయించారు, మనిషంత అట్ట తాళం చేతికిచ్చి ఫొటో తీశారు. గంటసేపు. ఆ గంటలో రెండు నిమిషాలు తీసి, అమ్మా, తాళంలో తాళం ఇదిగో, కన్నం ఇక్కడుంది, బ్యాటరీ అయిపోతే ఇలా ఆనించండి అని మా చేత ఒకసారి చేయించి పంపితే వాళ్ళ సొమ్మేం పోయింది? తెలుగులో ఒక చిన్న కార్డు అచ్చు వేసి ఇస్తే దాన్ని పర్సులో పెట్టుకుంటాం, కారులో కాదు. మీరూ ఆ కార్ల పేజీలో ఒకసారి ఈ సంగతి బొమ్మలతో వేయండి.

అన్నట్టు, ఆ సాయంత్రం మా మరిది బీరువాలో ఉన్న రెండో తాళం తీసుకుని తాడేపల్లిగూడెం నుంచి బండి మీద బయల్దేరతానన్నాడు. ఇంటికొచ్చి నొక్కి చూస్తే అదీ పలకలేదు. మూడేళ్ళ నాటి సెల్ కదా, వాడకపోయినా అరిగిపోతుందట.

- ఒక టీచరు, తాడేపల్లిగూడెం