ఆటోలో నా సంచి దొరికిన అన్నకు

మొన్న ఆదివారం పానగల్లు నుంచి వస్తూ, నల్లగొండ బస్టాండు దగ్గర నా గుడ్డసంచి ఆటోలోనే మరిచి దిగిపోయాను. అందులో లైబ్రరీ నుంచి తెచ్చిన శాసనాల పుస్తకం, ఇంకు సీసా, స్కెచ్ బుక్కు ఉన్నాయి. రోజూ ఒక కార్టూన్ గీసి బతికేవాణ్ని, సెలవు దొరికితే మాత్రం ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల గుళ్ల చుట్టూ తిరుగుతాను. ఆ రోజంతా పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో, శివలింగం దగ్గర పడే స్తంభంలాంటి నీడనే గీశాను. పొద్దు జరిగినా గర్భగుడిలో ఆ నీడ జరగదు. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల మీద పడి చేసే పని అది. కాగితం మీదికి మాత్రం ఒక పట్టాన రాదు!

సంచిలో నా పేరు, ఫోన్ నంబరు ఏమీ లేవు. మీరు స్కెచ్ బుక్కు తిరగేసి, మొదటి పేజీలో మీసాలాయన్ని చూసి, బస్టాండు పక్క చాయ్ కొట్టాయనే అని గుర్తుపట్టి ఆయనకే అప్పజెప్పారట. (ముక్కు అంత పెద్దగా గీస్తావా అని ఆయన ఇంకా గులుగుతున్నాడు.) ఇంకు సీసా మూత బిగించి, పుస్తకాన్ని విడిగా పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టారు.

మీ మొహం నాకు గుర్తులేదన్నా. మొహాలు గీసేవాడికి సిగ్గుచేటే. అటు వస్తే ఆ కొట్టు దగ్గర ఆగండి, మీ చాయ్ నా ఖాతాలో రాయమన్నాను.