కాగితం మీద లేనిది యాప్‌లో పుట్టకూడదు

చిరంజీవి స్వాతికి,

అమ్మ ఆశీస్సులు. రోగులు తమ మెడికల్ రికార్డులు ఫోన్‌లో దాచుకుని డాక్టర్లతో పంచుకునే నీ యాప్ డిజైన్ అంతా కూర్చుని చూశాను. రికార్డులు పంచుకునే భాగం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా వాటిని ఎక్కించే భాగం మీద పెట్టలేదనిపించింది. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఆగిపోయేది అక్కడే తల్లీ. గూగుల్ హెల్త్ 2008లో వచ్చి 2012 జనవరి 1న మూతపడింది. అనుకున్నంతగా జనంలోకి వెళ్ళలేదని ఆ కంపెనీయే చెప్పింది. మైక్రోసాఫ్ట్ హెల్త్‌వాల్ట్ 2007లో మొదలై 2019 నవంబరులో ఆగింది. డబ్బుకూ ఇంజనీర్లకూ కొదవలేని కంపెనీలవి. ఒంట్లో బాగాలేని మనిషిని కూర్చోబెట్టి వివరాలన్నీ టైప్ చేయమంటే నాలుగు రోజులు చేసి వదిలేస్తాడు.

అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఎక్కించడం గురించే. నువ్వు గోడ మీద అంటించుకోవలసిన నియమం ఒక్కటే: కాగితం మీద లేని మాట యాప్‌లో పుట్టకూడదు.

మన ఇళ్ళల్లో మెడికల్ ఫైలు ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ సీడీ, నాలుగు మడతలు పెట్టిన ఈసీజీ, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో. వీటిలో అన్నిటికంటే ముందు పాడయ్యేది ఈసీజీ. చాలాచోట్ల అది థర్మల్ పేపర్ మీద వస్తుంది. వేడి తగిలితే కాగితం నల్లబడుతుంది, ఎండ తగిలితే గీత వెలిసిపోతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలకు కూడా అంతే. కాబట్టి యాప్ మొదటిసారి తెరిచినప్పుడు 'ముందు ఈసీజీలు, థర్మల్ కాగితాలు ఫొటో తీయండి' అని అడుగు. మిగతావి నిదానంగా ఎక్కించుకోవచ్చు.

ఇందులో ఇంకో చిక్కుంది. నువ్వు వాడుతున్న స్కానింగ్ లైబ్రరీ కాగితాన్ని తెల్లగా చూపించాలని లేత రంగులన్నీ చెరిపేస్తుంది. బిల్లుకైతే మంచిదే. ఈసీజీలో లేత గులాబీ గళ్ళు పోతే మిగిలేది ఉత్త గీత. మామూలుగా ఆ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను, నిలువుగా 10 చిన్న గళ్ళు అంటే ఒక మిల్లీవోల్టు. గళ్ళే లేకపోతే డాక్టర్ దేన్ని పట్టుకుని కొలవాలి? ఈసీజీకి రంగుల్లోనే దాచే మోడ్ విడిగా పెట్టు, ఏ ఫిల్టరూ తగలనీయకు. పెన్సిల్ రాతలకూ, వెలిసిన రబ్బరు స్టాంపులకూ ఇదే వర్తిస్తుంది.

మామూలు కాగితాలకు ఫ్లాష్ ఆపేసి, నాలుగు మూలలూ ఫ్రేములో పడేదాకా ఫొటో తీసుకోకుండా ఆపు. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480×3508 పిక్సెళ్ళు వస్తుంది. చిన్న అక్షరాల ల్యాబ్ రిపోర్టుకు ఆ మాత్రం ఉండాలి. ప్రతి పేజీ తర్వాత 'వెనక ఏమైనా రాసి ఉందా?' అని అడుగు. రెండో విజిట్‌లో డాక్టర్లు మందులు మార్చి రాసేది చాలాసార్లు పాత చీటీ వెనకే. డిశ్చార్జ్ సమ్మరీకి 'మొత్తం ఎన్ని పేజీలు?' అని కూడా అడగాలి. ఇంటికెళ్ళాక వాడవలసిన మందులు తరచుగా ఆఖరి పేజీలోనే ఉంటాయి, ఫొటోల్లో తప్పిపోయేదీ ఆ పేజీయే. ల్యాబ్ వాళ్ళు పీడీఎఫ్ పంపితే దాన్నే ఉన్నదున్నట్టు తీసుకో. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో ఫొటోగా పంపి, మళ్ళీ దించుకుని ఎక్కిస్తే అంకెలు మసకబారతాయి. సీటీ స్కాన్ సంగతి వేరు. 512×512 సైజులో 16 బిట్ల ఒక్కో చిత్రం అర మెగాబైటు, 300 చిత్రాలైతే 150 మెగాబైట్లు. వైఫై ఉన్నప్పుడే ఎక్కించు. ఫిల్ముకు తీసిన ఫొటోను అసలు స్కాన్‌లా చూపించకు, 'ఫిల్ము ఫొటో' అని రాసి ఉంచు.

ఫొటో ఎక్కగానే దానికి ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర (ఫైలులో ఏ కొంచెం మారినా తేడా పట్టించే వేలిముద్ర లాంటి కోడ్) తీసి భద్రపరచు. ఆ తర్వాత అసలును ఎవరూ ముట్టుకోకూడదు, నువ్వు కూడా. దాంట్లోంచి మిషన్ చదివిన అంకెలు వేరే పొరలో ఉండాలి. మనిషి చూసి సరే అనేదాకా వాటి పక్కన 'మిషన్ చదివింది, ఇంకా సరిచూడలేదు' అనే గుర్తు ఉండాలి. అంకె మీద వేలు పెడితే అసలు కాగితంలో ఆ ముక్క తెరుచుకోవాలి. ఇదేదో అలంకారం కాదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4లో చుక్క జారిపోతే 14 అవుతుంది, చూసినవాళ్ళు డయాలసిస్ దాకా ఆలోచిస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళ విషయమే తీసుకో. ఏళ్ళ తరబడి క్రియాటినిన్ ఎలా పెరుగుతూ వచ్చిందన్నదే డాక్టర్‌కు కావాలి. ఆ వరసలో ఒక్క అంకె అబద్ధమైనా వరసంతా దండగే.

ప్లేట్‌లెట్ల గురించి మరీ మరీ చెబుతున్నాను. ఒక ల్యాబ్ 1.5 లక్షలు అని రాస్తుంది, ఇంకోటి 1,50,000 అని, మరోటి వేలల్లో 150 అని. మూడూ ఒకటే. యూనిట్ వదిలేసి అంకె మాత్రం పట్టుకుంటే 150 నుంచి 1.5కు పడిపోయినట్టు గ్రాఫ్ గీస్తావు. డెంగీ రోజుల్లో ఆ గీత చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అందుకే ఒక ఫలితం అంటే ఒక అంకె కాదు. పరీక్ష పేరు, విలువ, యూనిట్, ఆ ల్యాబ్ ఇచ్చిన నార్మల్ రేంజ్, శాంపిల్ తీసిన తేదీ, ల్యాబ్ పేరు, ఏ పేజీలోంచి వచ్చిందో, ఇవన్నీ కలిసే ఉండాలి. రిపోర్టు ప్రింటైన తేదీ వేరు, రక్తం తీసిన తేదీ వేరు. గ్రాఫ్‌కు కావలసింది రెండోది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ '<0.01' అని వస్తే ఆ గుర్తుతో సహా దాచు. ఆరోగ్య రికార్డులను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఫైర్ (FHIR) ప్రమాణం నాలుగో విడుదలలో ఆ గుర్తుకు విడిగా గడి ఉంది. పరీక్షల పేర్లకు లాయింక్ (LOINC) కోడ్‌లు, అంటే ఒక్కో ల్యాబ్ పరీక్షకు అంతర్జాతీయంగా ఇచ్చిన నంబర్లు, వాడు: సీరం క్రియాటినిన్ 2160-0, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 4548-4. పేర్లను బట్టి కలుపుదామంటే ఒక్కో ల్యాబ్ ఒక్కోలా రాస్తుంది.

మనవాళ్ళు లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్తే ఇంకో తంటా. అక్కడ షుగర్ లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబుతారు. మనం డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే 126 అక్కడ 7.0. మన హెచ్‌బీఏ1సీ 7 శాతం అక్కడ 53. క్రియాటినిన్‌ను 88.4తో హెచ్చించాలి, అంటే మన 1.4 అక్కడ దాదాపు 124. మార్చి చూపించు కానీ ల్యాబ్ ఇచ్చిన అంకెను పక్కనే ఉంచు. అమెరికాలో తేదీల గొడవ. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, వాళ్ళకు మార్చి 4. నెలను ఎప్పుడూ అక్షరాల్లో చూపించు.

చేతిరాత చీటీలోంచి మందుల పట్టిక దానంతటదే తయారవ్వాలన్న ఆలోచన మానుకో. అక్కడ తప్పు జరిగితే మనిషి మింగేస్తాడు. ఫొటో పక్కన పెట్టి, మందుల షాపు బిల్లులోని పేర్లు చూపించి మనిషి చేతే ఎంపిక చేయించు. మోతాదును మనవాళ్ళకు అలవాటైన 1-0-1 పద్ధతిలోనే తీసుకో. ప్రతి బ్రాండ్ పేరు కింద అందులోని మందు పేరు కనిపించాలి. గ్లైకోమెట్ జీపీ అనే షుగర్ మాత్రలో మెట్‌ఫార్మిన్ ఉందని తెలియక, ఇంకో డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్ కూడా కలిపి వేసుకునేవాళ్ళున్నారు. 'రాసినవి', 'ఇప్పుడు వాడుతున్నవి' రెండు వేర్వేరు పట్టికలు. ఆపిన మందును చెరిపేయకు, ఎప్పుడు, ఎవరు చెప్పి, ఎందుకు ఆపారో ఉంచు. అలర్జీల దగ్గర ఖాళీ గడి వదలకు. 'ఏ అలర్జీ లేదని చెప్పారు' వేరు, 'అడగలేదు' వేరు. ఖాళీ గడి చూసి ఎమర్జెన్సీలో డాక్టర్ మొదటిదే అనుకునే ప్రమాదం ఉంది.

ఇక ఎవరి రికార్డు అన్నది. ఒకే ఫోన్, ఒకే నంబరు, అందులో తాతయ్య, నాయనమ్మ, మీ బాబాయి. చీటీలో 'వి. సత్యనారాయణ', ల్యాబ్‌లో ఒట్టి 'సత్యనారాయణ', ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తిగా. పేరుతో పాటు వయసు, ఆడా మగా కూడా సరిపోల్చి, తేడా కనిపిస్తే ఆపి అడుగు. నాయనమ్మ రిపోర్టు తాతయ్య ఫైలులో పడటం కంటే అసలు ఎక్కకపోవడమే నయం. పొరపాటున పడితే మార్చే వీలుండాలి, మార్చినట్టు జాడ ఉండాలి, అంతకుముందే ఆ ఫైలు చూసినవాళ్ళకు ఆ సంగతి తెలియాలి.

పంచుకోవడంలో నీ స్క్రీన్లు బాగున్నాయి కానీ అవి రోగి వైపు నుంచే ఉన్నాయి. అవతల డాక్టర్ ఉన్నారు, బయట యాభై మంది కూర్చున్నారు. ఆయన నీ యాప్ వేసుకోరు. క్యూఆర్ కోడ్ చూపిస్తే మామూలు బ్రౌజర్‌లో ఒకే ఒక్క పేజీ తెరుచుకోవాలి. ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, అలర్జీలు, ముఖ్యమైన పరీక్షల చివరి మూడు విలువలు, చివరి డిశ్చార్జ్. అంతే. అంతర్జాతీయ పేషెంట్ సమ్మరీ ప్రమాణం (ఐఎస్ఓ 27269, 2021) కూడా మందులు, అలర్జీలు, సమస్యలు అనే మూడింటినే తప్పనిసరి చేసింది. ఇదే పేజీ పీడీఎఫ్‌గా ఫోన్‌లో కూడా ఉండాలి, ఆస్పత్రి కింది అంతస్తుల్లో సిగ్నల్ దొరకదు.

ఎన్‌క్రిప్ట్ చేసిన రికార్డును తెరిచే తాళంచెవిని (కీని) లింకులో '#' గుర్తు తర్వాత పెట్టు. బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వర్‌కు పంపదు కాబట్టి నీ సర్వర్ చేతిలో తాళం వేసిన పెట్టె మాత్రమే ఉంటుంది. గడువు నా లెక్కలో ఓపీకి అరగంట, వేరే ఊళ్ళో డాక్టర్ అభిప్రాయానికి వారం చాలు. ఒక్కసారే తెరుచుకునే లింకుతో జాగ్రత్త. కొన్ని మెయిల్, మెసేజ్ సర్వీసులు ప్రివ్యూ కోసమో వైరస్ తనిఖీ కోసమో లింకును ముందే తెరుస్తాయి, డాక్టర్ నొక్కేసరికి అది అయిపోయి ఉంటుంది. పాస్‌కోడ్ కొట్టాకే లెక్కలోకి వచ్చేలా చెయ్యి. 'రద్దు' బటన్ కింద నిజం రాయి: ఇకముందు చూడలేరు, ఇప్పటికే చూసిందీ దాచుకున్నదీ వెనక్కి రాదు.

కొన్ని రికార్డులు మొదటి నుంచీ మూసే ఉండాలి. హెచ్‌ఐవీ, గర్భం, అబార్షన్, మానసిక వైద్యం. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం గోప్యత తప్పనిసరి చేసింది. మానసిక ఆరోగ్య చట్టం, అదీ 2017దే, గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. 'ఒక రికార్డు దాచబడింది' అని చూపించకు. ఆ మాటే అత్తింట్లో ఒక ఆడపిల్లను నిలదీయడానికి చాలు. దానికి బదులు ఏదీ దాచకపోయినా సరే, అన్ని సమ్మరీల మీదా 'ఇవి రోగి ఎంచుకున్న రికార్డులు మాత్రమే' అని ఒకే వాక్యం ఉండనీ. డాక్టర్‌కూ అది న్యాయం. లాక్ స్క్రీన్ మీద 'కొత్త రికార్డు వచ్చింది' అన్నదానికి మించి ఒక్క ముక్క రాకూడదు. పిల్లల ఫైళ్ళు తల్లిదండ్రుల చేతుల్లో ఉంటాయి కదా, 18 నిండిన రోజున ఆ అందుబాటు దానంతటదే ఆగి, కొనసాగాలంటే ఆ బిడ్డనే అడగాలి.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలపడం తప్పదు. 14 అంకెల ఆభా నంబరు (ఒక్కో మనిషికి ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు), సమ్మతి పత్రం, ఆ ఏర్పాటు పద్ధతిగానే ఉంది. రికార్డు ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. ఎవరికి, దేనికి, ఏ రకం రికార్డులు, ఏ తేదీల మధ్యవి, ఎప్పటిదాకా అని రోగి ఒప్పుకున్నాకే ఎన్‌క్రిప్ట్ అయి కదులుతుంది. కానీ దాంతో మొదలుపెట్టకు. వీధి చివరి క్లినిక్ ఇంకా కాగితం మీదే రాస్తోంది. సమ్మతి అడిగే వాక్యాలు మాత్రం తెలుగులో నువ్వే రాయి, కంప్యూటర్ అనువాదానికి వదలకు. ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలివ్వాలని 2023 నాటి డేటా రక్షణ చట్టమే చెబుతోంది. భద్రతా ఏర్పాట్లలో లోపం ఉంటే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చని మీ వాళ్ళందరికీ చెప్పు.

ఫోన్ పోతే ఏమిటన్నది నీ పత్రంలో ఎక్కడా లేదు. ఓటీపీ ఒక్కదాన్నే నమ్మకు. వాడని నంబర్లు కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు వెళ్ళిపోతాయి. తాళంచెవిని మూడు ముక్కలు చేసి, ఏ రెండు కలిసినా తెరుచుకునేలా పెట్టు: ఒకటి ఫోన్‌లో, ఒకటి నమ్మిన మనిషి దగ్గర, ఒకటి కాగితం మీద ప్రింటు. పైన చెప్పిన డేటా రక్షణ చట్టమే మన తర్వాత హక్కు ఎవరిదో నామినేట్ చేసుకోనిస్తుంది, ఆ గడి కూడా పెట్టు.

ఒక చిన్న సౌకర్యం కూడా చేర్చమ్మా. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఎవరైనా ఆస్పత్రిలో చేరినట్టు నమోదైతే, మూడేళ్ళు నిండకముందే గుర్తుచేసి, అడగడానికి ఉత్తరం కూడా తయారుచేసి ఇవ్వు.

వెళ్ళిపోతామనేవాళ్ళకు దారి మొదటి వెర్షన్‌లోనే ఉండాలి. ఒక జిప్ ఫైలు, అందులో అసలు ఫొటోలు '2025-04-03' లాంటి తేదీ పేర్లతో, వేరే యాప్ చదవగలిగేలా ఫైర్ బండిల్ (ఫైర్ రూపంలో రికార్డులన్నీ కలిపిన ఫైలు) ఒకటి, ఎవరైనా చదవగలిగే పట్టిక పీడీఎఫ్ ఒకటి. నీ సర్వర్ మూసేసిన రోజున కూడా ఆ ఫైలు వాళ్ళింట్లో తెరుచుకోవాలి.

పరీక్షించడానికి తాతయ్య ఫైలు అడిగావు. ఆయన సరేనన్నారు, కానీ ఆ కాగితాలు నీ ఫోన్ దాటకూడదు. టెస్ట్ సర్వర్‌లో పెట్టేవాటికి పేర్లూ నంబర్లూ కల్పించిన రిపోర్టులు నేను ముప్ఫై దాకా తయారుచేసి పంపుతాను. అందులో చుక్క మసకగా పడ్డవి, లక్షల్లో రాసినవి, ఆఖరి పేజీ లేనివి కలిపే ఉంటాయి. నీ యాప్ వాటిలో ఎన్నిటి దగ్గర ఆగి అడిగిందో రాసి పంపు.

ఇట్లు,
అమ్మ