పేరు రాయొద్దన్న మా పెద్దమ్మకు, మిగతా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

అమ్మను మట్టికి అప్పగించి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నిన్నటిదాకా ఫోన్ పట్టుకోలేదు. చాలామంది మెసేజ్‌లు పెట్టారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక ఇంకా రాలేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నిద్ర సరిగా లేదు. ముందు చెప్పాల్సింది వెనక, వెనక చెప్పాల్సింది ముందు వస్తే ఏమీ అనుకోకండి.

మా ఆయన, పిన్ని, బాబాయి, మావయ్య, పిన్ని పిల్లలు. వీళ్ల గురించి ఏం రాయను, ఇంటివాళ్లు. 23 రోజులు వంతులు వేసుకుని ఆసుపత్రికి క్యారేజీలు మోశారు, డబ్బు సర్దారు, మా పాపను చూసుకున్నారు. వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

రాయాలని కూర్చుంది ఒక్క మనిషి గురించి. పేరు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు కాబట్టి పెద్దమ్మ అనే రాస్తాను. నెల కిందట ఆవిడ ఎవరో నాకు తెలియదు.

ఒంగోలులో అమ్మను చేర్చిన వార్డులో పక్క మంచం మీద వాళ్ల వదినగారు ఉండేవారు. ఆవిడకు తోడుగా వచ్చారు ఈవిడ. డెబ్బై దాటిన మనిషి, తెల్ల నూలు చీర, గుడ్డ సంచిలో బైబిలు, కళ్లజోడు, మరచెంబు. ముప్పై ఏళ్లకు పైగా బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే మనిషిగా, పల్లెలు తిరిగారట. రెండో రాత్రి బయట మందుల షాపుకు వెళ్లి వచ్చేసరికి నర్సు కేకలేస్తోంది, పేషెంటును ఒక్కదాన్నే వదిలేసి ఎక్కడికి పోయారని. పెద్దమ్మ అమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "మీరెవరు ఈమెకు?" అంది నర్సు. "అక్కని" అన్నారు. అంతే. నర్సు ఇంకేం అడగలేదు. ఆ క్షణం నుంచి నాకు ఆవిడ పెద్దమ్మ అయిపోయారు. వాళ్ల వదినగారు అయిదో రోజు ఇంటికి వెళ్లిపోయారు. పెద్దమ్మ మాత్రం పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లేవారు, కొన్ని రాత్రులు వెళ్లనే లేదు.

ఆ "అక్కని" అనే మాట నన్ను ఎందుకంత కదిలించిందో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ దాచుకున్నాను, ఇక దాచను.

మా నాన్న ఎవరో నాకు తెలియదు. అమ్మ చెప్పలేదు, నేను రెట్టించలేదు. పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లి నన్ను పెంచింది. బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు గడి ఖాళీగా ఉంచకూడదన్నారని మా తాత పేరు రాయించారు. అప్పుడు అదే దారి. ఆ పేరే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, దాంట్లోంచి ఆధార్‌లోకి వచ్చింది. అంటే కాగితాల మీద నేను మా అమ్మకు చెల్లెలిని.

అమ్మకు కేన్సర్ వెన్నెముకకు పాకింది. సంతకం కోసం కౌంటర్ దగ్గరకు పిలిచారు. "ఏమవుతారు?" "కూతురిని." కుర్రాడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, "ఇద్దరికీ తండ్రి ఒకరే ఉన్నాడు, కూతురంటారేంటి?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వెనక లైన్లో పదిహేను మంది ఉన్నారు. 31 ఏళ్లొచ్చిన దాన్ని, ఉద్యోగం చేస్తున్నాను, పిల్ల తల్లిని. ఆ ఒక్క మాటతో మళ్లీ ఆరో తరగతి పిల్లనైపోయాను.

ఇది ఇక్కడ రాయాల్సింది కాదేమో, అయినా రాస్తాను. పెళ్లికాని తల్లి తన బిడ్డకు గార్డియన్‌గా ఉండాలంటే తండ్రి పేరు చెప్పక్కర్లేదని సుప్రీంకోర్టు 2015లోనే తీర్పు ఇచ్చింది. పాస్‌పోర్టుకు తల్లి పేరొక్కటీ చాలని 2016 డిసెంబరులో నియమాలు మార్చారు. పాన్ కార్డుకూ 2018 నుంచి ఆ వీలు ఉంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చు, అవసరం నేర్పింది. కానీ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి తెలియకపోతే ఆ తీర్పు ఎవరికి పనికొస్తుంది? పాత కాగితంలో పడ్డ పేరును సరిదిద్దుకోవడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కాలి? మరణ ధ్రువపత్రం కోసం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వెళితే కూతురినని రుజువేంటన్నారు. అమ్మ ముఖం, నా ముఖం ఒక్కలా ఉంటాయి. అది రుజువు కాదట.

కౌంటర్ దగ్గర ఆ మాట పడ్డ రాత్రి వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను అంతా. మా ఊరి గుడిలో సండే స్కూల్ బహుమతులు ఇచ్చేటప్పుడు ప్రతి పిల్లనూ తండ్రి పేరుతో పిలిచేవారు, ఫలానా వారి అమ్మాయి అని. నా వంతు వచ్చేసరికి "ఫలానా ఆమె కూతురు" అని అమ్మ పేరు చదివారు. వెనక బల్లల మీద నవ్వు వినపడింది. ఆ తర్వాత నేను గుడికి వెళ్లలేదు. అమ్మ పేరు సంఘం పుస్తకంలోంచి నేను పుట్టినప్పుడే కొట్టేశారట.

పెద్దమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "మార్కు సువార్త ఆరో అధ్యాయం చదివావా తల్లీ? ప్రభువు సొంతూరు వెళ్లి బోధిస్తే నజరేతు వాళ్లు ఏమన్నారు? ఇతడు మరియ కుమారుడు కాడా అన్నారు. యూదుల్లో మనిషిని తండ్రి పేరుతో పిలుస్తారు. ఆయన్ని తల్లి పేరుతో పిలిచారు. ఎందుకలా పిలిచారో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వు విన్న పిలుపే ఆయనా విన్నాడు."

చిన్నప్పుడు ఆ వాక్యం ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారీ నా చెవిన పడలేదు.

తర్వాతి రాత్రుల్లో ఇంకా చాలా మాట్లాడుకున్నాం. నాకు అడ్డంపడిన మాట ఒకటి ఉండేది, దత్తపుత్రాత్మ. బైబిల్లో రోమా పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, దాని ఎనిమిదో అధ్యాయంలో ఉంటుంది. "దత్తత అంటే సొంత పిల్ల కాదనేగా పెద్దమ్మా? దేవుడి దగ్గర కూడా నేను పక్క గుమ్మంలోంచే రావాలా?" అని అడిగేశాను. ఆవిడకు కోపం రాలేదు. పౌలు ఆ ఉత్తరం రాసింది రోమా వాళ్లకని, వాళ్ల చట్టంలో దత్తత వచ్చిన కొడుకుకు పాత అప్పులు పోయేవని, కొత్త తండ్రి పేరు వచ్చేదని, ఆస్తిలో కన్నకొడుకుతో సమానంగా వాటా ఉండేదని చెప్పారు. "క్రిస్మస్ కథలో జనాభా లెక్క రాయించిన కైసరు ఔగుస్తు ఉన్నాడే, అతనూ దత్తపుత్రుడే. లోకమంతా లెక్క రాయించినవాడు. దత్తత అంటే చిన్నతనమని ఆ ఊళ్లో ఎవరూ అనుకోరు. అందుకే పౌలు ఆ మాట వాడాడు, మనం పిల్లలమైతే వారసులం అని దాని కిందే రాశాడు" అన్నారు. ఇంతింత సంగతులు మరచెంబులో మంచినీళ్లు వంచుకుంటూ చెప్పేవారు.

వాళ్ల ఇంట్లో చెప్పుకునే మాట కూడా చెప్పారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో పెద్దమ్మ ముత్తవ్వ ఒకరట. అంతకుముందు రెండేళ్లు ఘోరమైన కరువు, జనం బకింగ్‌హాం కాలువ తవ్వి ప్రాణాలు నిలుపుకున్నారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు కరువు నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారట. ఊళ్లో దొడ్లు ఊడ్చే ఆ ముత్తవ్వను అప్పటిదాకా ఏమే, ఒసే అని తప్ప ఎవరూ పిలవలేదు. ఆ రోజు ఏటి ఒడ్డున పేరు పెట్టి పిలిచారు. "మా ముత్తవ్వ చచ్చిపోయేదాకా ఆ పిలుపే చెప్పుకునేదట, నీళ్లు చల్లగా ఉన్నాయని కూడా చెప్పేది కాదట" అన్నారు పెద్దమ్మ.

చివరి వారం అమ్మకు నొప్పి భరించలేనంత అయింది. రాత్రంతా "అబ్బా... అబ్బా..." అని మూలిగేది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒక రాత్రి నేను చెవులు మూసుకుని గోడవైపు తిరిగాను. పెద్దమ్మ నా చేతులు తీసి పట్టుకుని, "విను. భయపడకు. ప్రభువు ఇంట్లో మాట్లాడిన అరామిక్ భాషలో అబ్బా అంటే నాన్న. గెత్సేమనే తోటలో, ఇంక తట్టుకోలేనప్పుడు, ఆయన నోట వచ్చింది అదే మాట. బైబిల్లో ఆ మాట ఉన్నదే మూడుచోట్ల" అన్నారు. కాసేపటికి మళ్లీ తనే, "మన అబ్బా వేరు, ఆ అబ్బా వేరు, నాకు తెలుసు. కానీ పాత తెలుగులో అబ్బ అంటే తండ్రే కదమ్మా. నొప్పి పుడితే మనవాళ్లు ఎవరిని పిలిచారో చూడు" అన్నారు.

అమ్మ ప్రార్థన చేయగా నేను ఎప్పుడూ చూడలేదు. గుడిలోంచి తీసేశాక ఆమె నోరు మూతపడింది. ఆ రాత్రి నుంచి ఆమె మూలిగినప్పుడల్లా పక్కన కూర్చుని నేను కూడా మెల్లగా అదే మాట అన్నాను. అదే నా మొదటి ప్రార్థన.

ఇక అసలు సంగతి. అమ్మ తెల్లవారుజామున వెళ్లిపోయింది. ఊళ్లో సమాధుల స్థలం ఉంది, మా తాత, అమ్మమ్మ అక్కడే ఉన్నారు. మా ఊరి గుడి పెద్దలు కుదరదన్నారు. సభ్యత్వం లేదు, చందా రసీదులు లేవు, పుస్తకంలో పేరు లేదు. మావయ్య కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ముప్పై ఏళ్ల కిందటి గీతను చెరపడానికి ఒక్క కలం దొరకలేదు వాళ్లకు. ఐస్ బాక్సులో అమ్మ, గుమ్మంలో మేము, మధ్యాహ్నం పన్నెండు.

పెద్దమ్మకు ఎవరు ఫోన్ చేశారో తెలియదు. ఒంటిగంటకల్లా వాళ్ల పాస్టరుగారిని, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ల సంఘం సమాధుల తోటలో పెదనాన్నగారి సమాధి పక్కన పెద్దమ్మ తన కోసం ఉంచుకున్న స్థలం ఉంది. పన్నెండేళ్లుగా ప్రతి ఆత్మల పండుగకు వెళ్లి అక్కడ గడ్డి పీకి వస్తారట. దాన్ని మా అమ్మకు ఇచ్చేశారు.

నేను ఒప్పుకోలేదు. ఆయన పక్కన మీరు ఉండాలి కదా అన్నాను. "ఆయనేం అనుకోడు. నన్ను ఎక్కడ పెట్టినా లేపేవాడు లేపుతాడు. నా వాటా నా చెల్లెలికి ఇచ్చుకుంటున్నాను, నువ్వెవరివే మధ్యలో?" అని కసిరారు. ఆవిడ నన్ను కసరడం అదొక్కసారే.

అక్కడి పుస్తకంలో రాసేటప్పుడు గుమస్తా అడిగాడు, చనిపోయినవారికి మీరేమవుతారని. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఆ గడిలో అక్క అని తనే రాసి సంతకం చేశారు. తర్వాత కలం నా చేతికిచ్చారు. దాని కింద నేను కూతురు అని రాశాను. ఎవరూ కార్డు అడగలేదు.

బాప్తిస్మం కావాలని ఆ సాయంత్రమే పాస్టరుగారిని అడిగాను. "ఏడుపు కాస్త తగ్గనీ, అప్పుడు కూడా ఇదే మాట అంటే చూద్దాం" అన్నారు పెద్దమ్మ. అలాగేనన్నాను. నా మాట మారదు. ఎవరి పిల్లవి అని ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ నేల చూశాను. ఇప్పుడు నాకు చెప్పుకోడానికి పేరుంది.

పెద్దమ్మా, ఇది మీ మనవరాలు మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. మీ ఒట్టు తప్పలేదు, పేరు రాయలేదు. మీరు చేసినదానికి బదులు నా దగ్గర ఏమీ లేదు. మీ మోకాళ్లకు నూనె తెస్తాను, అది మాత్రం వద్దనకండి.

మిగతావాళ్లు: ఆ పాస్టరుగారికి, వాళ్ల సంఘ పెద్దలకు వందనాలు. వాన మొదలైనా ఆగకుండా సమాధి తవ్విన ఇద్దరు అన్నలకు, రెండు యూనిట్ల రక్తం ఇచ్చి పేరు కూడా చెప్పకుండా వెళ్లిన కాలేజీ కుర్రాడికి, రాత్రి డ్యూటీలో ఉన్న సన్నపాటి నర్సమ్మకు (కేకలేసిన ఆవిడ కాదు, అయితే ఆవిడ కూడా చివరిరోజు అమ్మకు జడ వేసింది). ఎదురు మంచం వాళ్లు తిరుపతి ప్రసాదం మాకూ పెట్టారు, వాళ్ల దుప్పటి ఇంకా నా దగ్గరే ఉంది, తెచ్చి ఇస్తాను. సెలవు పొడిగించిన మా ఆఫీసు సార్‌కు. అమ్మ పోయాక పెట్టుకున్న ఆదరణ కూడికకు కుర్చీలు పంపి డబ్బు తీసుకోని షామియానా ఆయనకు.

రేపు ఉదయం తహసీల్దారు ఆఫీసుకు మళ్లీ వెళ్లాలి. పెద్దమ్మ తనూ వస్తానన్నారు, వద్దంటే వినడం లేదు.

అయ్యో, ఆటో ఆయన్ని మర్చిపోయాను. ఐస్ బాక్సు దింపడానికి మనుషులు చాలకపోతే చెప్పులు విప్పి వచ్చి ఒక చెయ్యి వేశాడు. మీటరు డబ్బులు కూడా అడగలేదు. అన్నా, మీరు ఇది చూస్తే ఒక్కసారి ఫోన్ చేయండి.