పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక గది ఇప్పించండి, మంత్రి గారూ

ఆంధ్రప్రదేశ్ వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

2024 జులై నుంచి వృద్ధాప్య పింఛన్ 4,000 రూపాయలు చేశారు. ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయ ఉద్యోగి గుమ్మంలోకి తెచ్చి ఇస్తున్నారు. మెచ్చుకోవలసిన పనే. మా వీధి చివరి పెద్దమ్మకి పాలు, బీపీ మాత్రలు, కరెంటు బిల్లు దాంతోనే గడుస్తాయి. ఆవిడ ఆ రోజు చీకటితో లేచి తల దువ్వుకుని కూర్చునేది మాత్రం డబ్బు కోసమే కాదు. అరిగిన వేళ్లు కదా, మిషను ముద్ర ఓ పట్టాన తీసుకోదు. కొంగుతో వేలు తుడుచుకుంటూ "టిఫిన్ చేశావా నాయనా, సంబంధం ఎందాకా వచ్చింది?" అని ఆ అబ్బాయిని అడుగుతుంది. ముద్ర పడగానే అతను పక్కింటికి పరుగు. అతన్ని అనేదేముంది, లిస్టు పూర్తికాకపోతే పైనుంచి ఫోన్లు!

మునుపు పింఛన్ కోసం పంచాయతీ ఆఫీసు దగ్గర పడిగాపులు పడేవారు. ఆ యాతన మళ్లీ ఎవరికీ వద్దు. కానీ ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి మోకాళ్లు మొరాయిస్తున్నాయో ఆ అరుగు మీదే తెలిసేది. ఇప్పుడు అదీ లేదు.

పిల్లలు అమెరికా వెళ్లిపోయారు కాబట్టే పెద్దవాళ్లకి ఈ ఒంటరితనం అంటాం. సగమే నిజం. భర్త పోయిన ఆడమనిషిని పేరంటానికి పిలవని ఊళ్లు మనవి. మగవాళ్లకి టీ కొట్టు ఉంది, రచ్చబండ ఉంది. ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? కొడుకు ఉన్న ఊళ్లోనే ఉన్నా, రోజంతా టీవీతో తప్ప మాట్లాడే దిక్కులేని వాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఇది చాదస్తం కాదండీ. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఈ ఒంటరితనం బాధేనని, ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దీనితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో చెప్పింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం బాధ్యతను ఏకంగా ఒక మంత్రికే అప్పగించాయి. మాకు కొత్త మంత్రి అక్కర్లేదు, మీరు చాలు.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో అమ్మమ్మలకే శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల దగ్గర బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్ల మాట విని, దారి వెతుక్కోవడానికి సాయపడటమే వాళ్ల పని. మన డ్వాక్రా సంఘాల్లో అలాంటి పెద్దమ్మలకు కొదవా?

గది కూడా కొత్తగా కట్టక్కర్లేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మా ఊరి గ్రంథాలయం మాత్రం తాళం వేసే ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు దాన్ని పెద్దవాళ్ల కోసం తెరిపించండి. పింఛన్ ఇచ్చేటప్పుడే "సాయంత్రం రండి" అని పిలవమనండి. నడవలేని వాళ్ల ఇంటికి డ్వాక్రా మహిళలే వెళ్లొస్తారు, దానికి కాస్త గౌరవ వేతనం పెట్టండి. భర్త పోయినవాళ్లని ముందుగా పిలవాలని ఉత్తర్వులోనే రాయించండి, లేకపోతే వాళ్లు గడప దాటరు.

ముందు ఒక్క మండలంలో మూడు నెలలు నడిపి చూడండి. కుర్చీలు, టీ సంగతి ఊళ్లోవాళ్లం చూసుకుంటాం.

ఇట్లు,
కృష్ణా జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ