గోతం మీద నిలవాల్సిన మార్కా: శ్రీనుకి అక్క ఉత్తరం

టొరంటో

చి. శ్రీనుకి అక్క ఆశీస్సులు. పిన్నికి, బాబాయికి నా నమస్కారాలు చెప్పు.

మార్కా గీయడం గురించీ, పిల్లల పుస్తకం బొమ్మల గురించీ నువ్వడిగినవి ఫోన్లో చెప్పుకునే సంగతులు కావురా. కొలతలు విన్నవి విన్నట్టే మర్చిపోతాం, రాసుంటే బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఫ్లెక్స్ షాపు మానేసి సొంతంగా మొదలుపెట్టావో లేదో, మిర్చి వ్యాపారి కారం పొడికి మార్కా గీసిపెట్టమని పిలిచాడంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ పనిని బాగా చెయ్యి. గుంటూరులో ఒక మార్కా బాగుంటే మిర్చి యార్డంతా అదెవరు గీశారని అడుగుతారు.

ఆయన దగ్గరికి వెళ్ళగానే "లోగో ఎలా ఉండాలండీ" అని మాత్రం అడగకు. మిరపకాయ, మంట, చుట్టూ గుండ్రం అంటాడు. ఇక్కడ బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో మన సరుకుల కొట్లలో కారం పొడుల అర ముందు నిలబడితే సగానికి సగం ప్యాకెట్ల మీద అవే మూడూ ఉంటాయి. దూరం నుంచి ఏది ఎవరిదో తెలియదు. నువ్వు అడగాల్సింది ఇది: మార్కా ఎక్కడెక్కడ అచ్చవుతుంది? వంద గ్రాముల పౌచ్ మీదా, అయిదు కిలోల సంచి మీదా, టిక్కీ (మిర్చి నింపే పెద్ద గోతం) మీదా? ఎవరు అచ్చు వేస్తారు, ఎన్ని రంగులు? సరుకు బయటి దేశాలకు వెళ్తుందా? పేరు స్పెల్లింగ్ ఖాయమైందా? ఈ చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. మనవాళ్ళలో న్యూమరాలజీ చూపించుకుని ఒక ఇంగ్లిష్ అక్షరం కలిపేవాళ్ళు, జాతకం చూసి రంగు మార్చేవాళ్ళు చాలామంది. అది వాళ్ళ నమ్మకం, మనం కాదనలేం. ఆ సంగతి పెన్సిలు పట్టకముందే తేలిపోవాలి. ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో కూడా అప్పుడే కనుక్కో. ఆయన సరేనన్నాక బావమరిది వచ్చి మార్చమంటే పని మొదటికొస్తుంది.

ఈ జాబితాలో అన్నిటికంటే కష్టమైన చోటు గోతం. అందుకే డిజైన్ అక్కణ్ణుంచి మొదలుపెట్టు. కంప్యూటర్ తెర మీద అందంగా గీసి, తరవాత గోతానికి సరిపెట్టబోతే సగం వివరం పోతుంది. గోతం మీద నిలిచిన బొమ్మకి పౌచ్ మీద రంగులు చేర్చుకోవడం తేలిక. గోనె నేతలో దారం మందం కంటే సన్నగా ఉన్న గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది, సిరా నేత సందుల్లోకి పాకి అంచు ఉబ్బుతుంది. గోతం మీద ఏ గీతా నాలుగు మిల్లీమీటర్లకి తగ్గకూడదనీ, రెండు గీతల మధ్య ఖాళీ అంతకంటే ఎక్కువే ఉండాలనీ పెట్టుకో.

రేకు కోసి రంగు కొట్టే పద్ధతైతే ఇంకో చిక్కుంది. "కారం" అన్న మాటే తీసుకో. ర ఒక మూసుకున్న వలయం, పక్కన సున్నా ఇంకో వలయం. రేకు కోయగానే లోపలి ముక్కలు రాలిపోయి, గోతం మీద నల్ల ముద్దలు మిగులుతాయి. లోపలి ముక్కని బయటి రేకుతో కలిపి ఉంచే వంతెనలు నువ్వే అక్షరంలో గీయాలి. ఒక్కో వలయానికి రెండు, ఎదురెదురుగా, ఒక్కోటి అయిదు మిల్లీమీటర్లు. అంతకంటే సన్నగా ఉంటే నాలుగు రోజులు వాడేసరికి రేకు వంగి చిరుగుతుంది. అన్ని అక్షరాల్లోనూ వంతెనలు ఒకే ఏటవాలులో పెట్టు. అలా పెడితే కోత కోసం వచ్చిన ఖాళీలు కూడా మార్కాకి ఒక తీరునిస్తాయి. రేకు కోసేవాడికి వదిలేస్తే ఎక్కడ పడితే అక్కడ కోస్తాడు.

మన అక్షరాలు చిన్నవైనప్పుడు ఏవి దెబ్బతింటాయో ముందే చూసుకోవాలి. ప తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది, ఆ సందు పూడిందంటే వ అయిపోతుంది. ధ కింది పుల్ల పోతే ద మిగులుతుంది. పేరులో ఇలాంటి అక్షరాలుంటే ఆ సందుల్ని ఫాంట్‌లో ఉన్నదానికంటే పెద్దవి చెయ్యి. పేరులో ఒత్తు ఉంటే కింద దానికి చోటు కావాలి, గుడికి పైన చోటు కావాలి. ఇంగ్లిష్ పేరు పక్కన పెట్టేటప్పుడు పాయింట్ సైజు సమానంగా ఉంటే చాలనుకోవద్దు, తెలుగు చిన్నగా కనిపిస్తుంది. గుడులు, ఒత్తులు పక్కన పెట్టి, అక్షరం ఒంటి ఎత్తుని ఇంగ్లిష్ అక్షరంతో కంటితో సరిచూడు.

ఇక గీయడం. కంప్యూటర్ ముట్టుకోకుండా నాలుగు సెంటీమీటర్ల గడులు గీసి, మెత్తటి పెన్సిలుతో ముప్పై నలభై చిన్న బొమ్మలు వెయ్యి. మొదటి పదీ అందరికీ వచ్చేవే వస్తాయి, వాటిని దాటాకే నీవి మొదలవుతాయి. ఆకారాల కోసం ఇంటర్నెట్‌లో లోగోలు వెతక్కు. విజయవాడ వెళ్ళినప్పుడు బాపు మ్యూజియంలోకి వెళ్ళు, అమరావతి చలువరాతి శిల్పాల బొమ్మలు ఎక్కడ దొరికినా చూడు. స్తంభం నడుమ నిండు పద్మం, పైనా కిందా సగం పద్మం. గుండ్రంలో ఆకారాన్ని ఖాళీ లేకుండా, ఇరుకు కాకుండా ఎలా నింపాలో అంత బాగా నేర్పేది ఇంకోటి నాకు తెలియదు. వేసినవాటిలోంచి మూడు ఎంచు. గోడకి అంటించి గది అవతలి నుంచి చూడు, తలకిందులు చేసి చూడు, ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్ డీపీ అంత చిన్నది చేసి చూడు. ఈ మూడు పరీక్షలకీ నిలిచినదే కంప్యూటర్ మీదకి రావాలి. అదీ నలుపు తెలుపులోనే. రంగుతో తప్ప నిలబడని మార్కా రేకు మీద ఎలా నిలుస్తుంది?

మిరపకాయ గీయాల్సే వస్తే, చూసేవాడు గుంటూరువాడని గుర్తుపెట్టుకో. ముడతలు వేశావంటే బ్యాడిగి అంటాడు. పొట్టిగా సన్నగా ఉంటే తేజ, నున్నగా పొడుగ్గా ఉంటే సన్నం. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆయన అమ్మేది ఏ రకమో కనుక్కుని, నాలుగు కాయలు తెచ్చుకుని ఎదురుగా పెట్టుకుని గియ్యి. తొడిమ దగ్గర గిన్నెలాంటి ముచ్చిక ఉంటుంది. అది సరిగ్గా వేస్తే గీతల్లోనే మిరపకాయ అవుతుంది, లేకపోతే ఏదో ఎర్రటి కొమ్ములా ఉంటుంది. మెరుపు కోసం నడుమ పసుప్పచ్చ మచ్చ మాత్రం పెట్టకు. అది రంగు పోయిన తాలు కాయలా కనిపిస్తుంది, ఏ వ్యాపారీ తన మార్కా మీద తాలు ఒప్పుకోడు. మెరుపు కావాలంటే కాయ పొడుగునా ఒక్క సన్నటి తెల్ల చార చాలు.

బొమ్మని వెక్టర్ చేసేటప్పుడు, అంటే ఎంత పెంచినా చెడని గీతలుగా మార్చేటప్పుడు, ఇల్లస్ట్రేటర్‌లో తెలుగు విడిపోయి, ఒత్తు పక్కకి వస్తుంటే కంగారుపడకు. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా కంపోజర్ ఎంచుకో, సరైపోతుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ బెడద లేదు, డబ్బు కట్టే పనీ లేదు. మండలి, రామరాజ, సూరన్న, పెద్దన లాంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, లోగోకి ధైర్యంగా వాడుకోవచ్చు. కానీ ఉన్నదున్నట్టు వాడొద్దు. వక్రరేఖలుగా మార్చి, ఈ మార్కాకి తగ్గట్టు దిద్దు. గీత వంపుని పట్టి ఉంచే బిందువులు తగ్గించు: గుండ్రానికి నాలుగు చాలు, పైనా కిందా, కుడీ ఎడమా. స్కాన్ చేసి ఆటో ట్రేస్ కొడితే వందల బిందువులు పడతాయి, పెద్ద ఫ్లెక్స్ మీద అంచు వణికినట్టు కనిపిస్తుంది. కొలత ప్రకారం సమానంగా ఉన్నవి కంటికి సమానంగా ఉండవు. చతురస్రం పక్కన అదే ఎత్తు గుండ్రం పెడితే గుండ్రం చిన్నదనిపిస్తుంది, రెండు మూడు శాతం పెంచాలి. నల్లటి నేల మీద తెల్ల మార్కా లావెక్కినట్టుంటుంది, ఆ కాపీలో గీతలు కాస్త సన్నం చెయ్యి.

రంగు దగ్గరే గొడవలు ఎక్కువ. తెర వెలుగుతో కలిపే ఆర్‌జీబీ ఎరుపు సిరాలో రాదు. ఎంత మంచి ప్రెస్సయినా రాదు. మొదటి నుంచీ అచ్చు సిరాల లెక్క అయిన సీఎంవైకేలో పని చెయ్యి: మెజెంటా 100, పసుపు 100, కావాలంటే నలుపు పది పదిహేను. అదే ఎరుపు గోనె రంగు మీద ఇటుక రంగులోకి దిగుతుంది, కాబట్టి గోతానికి నలుపే మేలు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే, ఒకసారి బొమ్మని బూడిద రంగులోకి మార్చి చూడు. రెండూ కలిసిపోతే ఒకదాన్ని ముదురు చెయ్యి. పౌచ్‌లు ఎక్కువగా గ్రావ్యూర్‌లో, అంటే చెక్కిన సిలిండర్లతో అచ్చవుతాయి, రంగుకో సిలిండర్, సిలిండర్‌కో ఖర్చు. ఒక రంగు తగ్గిస్తే ఆయనకి డబ్బు మిగులుతుంది, అది చెప్పు. గ్రావ్యూర్‌లో అక్షరం కూడా చుక్కలతోనే పడుతుంది కనుక చిన్న అక్షరాల అంచులు రంపంలా వస్తాయి. వాటిని రెండు రంగులు కలిపి వెయ్యకు, ఒకే ముదురు రంగులో పెట్టు. రంగులో తెల్లగా వదిలే గీత 0.3 మిల్లీమీటర్లకి తగ్గితే పూడిపోతుంది.

ప్యాకెట్ ముందు వైపు అంతా మార్కాకే ఇవ్వకు. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క తప్పనిసరి. ముందు భాగం వంద చదరపు సెంటీమీటర్ల లోపైతే చుక్క వ్యాసం కనీసం 3 మిల్లీమీటర్లు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. కెనడాకి పంపే సరుకైతే ఇంగ్లిష్‌తోపాటు ఫ్రెంచ్‌లోనూ వివరాలుండాలి. వెనక చోటు వదలకపోతే దిగుమతి చేసుకున్నవాళ్ళు ముందు వైపే స్టిక్కర్ అంటిస్తారు, నీ మార్కా దాని కిందకి పోతుంది.

ఇక విజయవాడ ప్రచురణకర్త కోసం నువ్వు బొమ్మలు వేయాల్సిన పిల్లల పుస్తకం సంగతి. ముప్పై రెండు పేజీలన్నీ ఒకే కాగితం మీద చిన్న గడులుగా గీసుకో, ఏ పేజీలో దగ్గరి దృశ్యం, ఏ పేజీలో దూరపు దృశ్యం అని అక్కడే తేలాలి. కథలో రాసిందే మళ్ళీ గీస్తే బొమ్మ దండగ, రాయనిది వెతికి గియ్యి. ప్రతి బొమ్మనీ ముందు మూడు బూడిద ఛాయల్లో వేసి చూడు. అక్కడ తేలని బొమ్మని రంగు కాపాడదు. ఏ ఫోర్ పేజీకి చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కోతలో పోయే అంచు) కలిపితే 216 బై 303, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2551 బై 3579 పిక్సెళ్ళు. రెండు పేజీల బొమ్మలో మొహం మధ్య మడతలో పడనివ్వకు. అక్షరాలు పడే చోటు లేతగా ఉంచు, అక్షరాలు నలుపు ప్లేటు మీదే ఉండేలా చూడు. రేపు ఇంగ్లిష్‌లో వేస్తే ఆ ఒక్క ప్లేటు మారుస్తారు, నీ బొమ్మ జోలికి రారు. పాత్రని ముందు, పక్క, వెనక నుంచి ఒక కాగితం మీద గీసి గోడకి పెట్టుకో. లేకపోతే ఇరవయ్యో పేజీకి ఆ పిల్ల ఇంకెవరిలానో అయిపోతుంది.

ఫైళ్ళు ఇచ్చేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్ (వక్రరేఖలు) చేసి ఇవ్వు. మన ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లు, పాత కోరల్‌డ్రా నడుస్తున్నాయి, నీ యూనికోడ్ అక్షరాలు అక్కడ తెరిస్తే గడులొస్తాయి. పీడీఎఫ్, ఎస్‌వీజీ, పాత వెర్షన్ కోరల్ ఫైలు, పీఎన్‌జీ ఇవ్వు. రంగుది, నలుపుది, తెలుపుది, రేకుది వేరువేరుగా ఉండాలి.

డబ్బు మాటకి మొహమాటపడకు. సగం ముందు తీసుకో. మూడు నమూనాలు, రెండు సార్లు సవరణ, ఆపైన ప్రతిదానికీ ఇంత అని కాగితం మీద రాయి. హక్కులు బదిలీ చేస్తే అది రాతలో, సంతకంతో ఉండాలని 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. కాలం రాయకపోతే అయిదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని లెక్క. మార్కా విషయంలో అది మిర్చి వ్యాపారికి అన్యాయం, బయటి దేశాలకి అమ్ముకునే మనిషి. పూర్తి డబ్బు అందాక శాశ్వతంగా, అన్ని దేశాలకీ అని రాసివ్వు. పుస్తకం బొమ్మలకి మాత్రం అలా రాయకు, ఆ పుస్తకానికే ఇవ్వు. మూడు నమూనాలు చూపించేముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో 30వ క్లాసులో వెతుకు. మసాలాలు అందులోనే వస్తాయి. అలాంటిదే ఇంకెవరైనా నమోదు చేసుకుని ఉంటే ఆయన అచ్చు వేయించిన సంచులన్నీ వృథా.

నలుపు బొమ్మలు తయారవగానే, రంగు వేయకముందే స్కాన్ చేసి నాకు పంపు. టిక్కీ మీద అచ్చు పడే చోటు పొడుగు, వెడల్పు టేపుతో కొలిచి రాయి. ఒక పాత గోతం ముక్క సంపాదించి దాని మీద నల్ల రంగు కొట్టి ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది.

ఇట్లు,
అక్క